చట్రం ముందా, చక్రం ముందా?

ఈ రెండు మూడేండ్లుగా మన విద్యార్థులలో ఒక కొత్త ఉత్సాహం కనబడుతున్నది. దుకాణంలో సిద్ధంగా నిలబెట్టిన సైకిలును కొని తెచ్చుకోవడం కాక, ఫ్రేము ఒకచోట, ఫోర్కు మరొకచోట, చక్రాలు వేరొకచోట సంపాదించి, తమ సైకిలును తామే కూర్చుకోవాలన్న కోరిక అది. అందునా వారి చూపు మామూలు సైకిలు మీద లేదు. ముందు వెనుకల రెండు చక్రాలకూ సస్పెన్షన్ ఉండి, కొండదారులలో రాళ్ళమీదుగా దిగగలిగే ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్ మీద ఉన్నది. కోరిక మంచిదే. అయితే కోరికకు తగిన విచారణ జరగడం లేదని నా అభిప్రాయం. ట్యూషన్లు చెప్పి, సెలవులలో దుకాణాలలో లెక్కలు రాసి కూడబెట్టిన సొమ్ము అది. ఆ సొమ్ముతో కొన్న ఫ్రేములో చేతనున్న చక్రం పట్టకపోయినా, దానికి సరిపడే షాక్ బజారులో దొరకకపోయినా, రెండేండ్ల కష్టం గోడకు తగిలించుకొనే అలంకారమై మిగులుతుంది.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఈ గొడవ ఏల అని కమిటీ పెద్దలు అనవచ్చును. కాని ఈ ఫ్రేము సంగతి మొదటినుండి చివరిదాకా సంధి సంగతే. మన భాషలో సంధి అంటే రెండు వర్ణాల కలయిక మాత్రమే కాదు, రెండు ఎముకలు కలిసే కీలు కూడా. మామూలు సైకిలు ఫ్రేములో గొట్టాలన్నీ ఒకదానితో ఒకటి శాశ్వతంగా అతుకబడి ఉంటాయి. అక్కడ కదిలే కీలు లేదు. ఫుల్ సస్పెన్షన్ ఫ్రేము అట్లా కాదు. ముందు త్రికోణం ఒకటి, వెనుక చక్రాన్ని పట్టుకున్న చేయి మరొకటి; రెంటినీ కలిపే కీళ్ళు కొన్ని, ఆ కదలికను అదుపులో పెట్టే షాక్ ఒకటి. సంధి ఉన్నచోట సూత్రం కూడా ఉండాలి. సూత్రం తెలియకుండా రంగు చూసి కొనేవారి కోసమే ఈ నాలుగు మాటలు.

కొండ సైకిలు పుట్టుకే సొంత కూర్పుతో జరిగిందన్నది మన విద్యార్థులు తెలుసుకోదగిన విషయం. 1970ల నాటి సంగతి. అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీలో, టమాల్పయస్ అనే కొండ ఉన్నది. అక్కడి యువకులు కొందరు లావు టైర్లున్న పాతకాలపు ష్విన్ సైకిళ్ళను చెత్తకొట్లలో వెతికి తెచ్చి, వాటికి మోటారు సైకిలు బ్రేకు పిడులు, గేర్లు తగిలించి, ఆ కొండ మట్టిదారులలో దిగేవారు. 1976 అక్టోబరు 21న వారు ఒక పందెం మొదలుపెట్టారు. దిగుడు సుమారు 400 మీటర్లు. వెనుక హబ్బులోని బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు పొగై పోయేది; ఇంటికి వెళ్ళి హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు నింపుకోవలసి వచ్చేది. అందుకే ఆ పందానికి రీప్యాక్ అని పేరు పడింది. పాత ఫ్రేములు ఆ దెబ్బలకు వంగాయి, విరిగాయి. అప్పటికే రోడ్డు సైకిళ్ళకు ఫ్రేములు కడుతున్న జో బ్రీజ్ అనే యువకుడు 1977లో క్రోమ్ మాలీ ఉక్కుతో ఈ పనికే ప్రత్యేకంగా ఒక ఫ్రేము కట్టాడు. గమనించవలసింది ఏమంటే, చక్రాలు, బ్రేకులు, గేర్లు అన్నీ పాత సామానులోనుండి ఏరుకోగలిగిన ఆ యువకులు, ఫ్రేము దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాతదానితో సర్దుకోలేకపోయారు. చక్రం మార్చుకోవచ్చును, చట్రం తప్పితే అంతా తప్పినట్టే.

మొదటి ప్రశ్న ఫ్రేముది కాదు, నేలది. మీరు తొక్కబోయే దారి ఏది? అమెరికా వారి ఏఎస్‌టీఎం ప్రమాణాలలో సైకిళ్ళను వాడుకను బట్టి అయిదు తరగతులుగా విభజించారు. మొదటిది చదునైన రోడ్డుకు, రెండవది మట్టిబాటకు. మూడవ తరగతి గరుకు దారులకు, 61 సెంటీమీటర్లకు మించని ఎగుడు దిగుళ్ళకు. నాలుగవది 122 సెంటీమీటర్ల వరకు. అయిదవది ఆపై దుస్సాహసాలకు. ఫ్రేము వెంట వచ్చే పుస్తకంలో ఈ తరగతి రాసి ఉండడం పరిపాటి. మన వాళ్ళు ఆ పేజీ తెరవరు. వెనుక చక్రం 170 మిల్లీమీటర్లు ఎగిరే ఫ్రేము చూసి ముచ్చటపడతారు. మన దక్కను పీఠభూమిలో ఉన్నది ఏమిటి? గుండ్రటి గ్రానైటు బండలు, వాటి మధ్య గరుకు ఇసుక, చిన్న చిన్న ఎక్కుడు దిగుళ్ళు. అనంతగిరి వైపు వెళితే ఎర్రమట్టి, చెట్ల వేళ్ళు. గంటసేపు ఏకధాటిగా దిగే ఆల్ప్స్ కొండలు మనకు లేవు. దిగినంతసేపూ మళ్ళీ ఎక్కాలి. ఇట్టి నేలకు వెనుక 120 నుండి 130 మిల్లీమీటర్ల కదలిక చాలునని నా దృఢాభిప్రాయం. ఇంకొక మాట కూడా మొహమాటం లేకుండా చెబుతాను. ఇల్లు, కళాశాల, ఆదివారం నాడు ఊరిబయట చెరువుగట్టు, ఇంతే మీ ప్రయాణమైతే వెనుక సస్పెన్షన్ అవసరమే లేదు. ముందు ఫోర్కుకు మాత్రం సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ చాలు. సగం ఖర్చు, పావు వంతు మరమ్మత్తు.

అయినా కావాలనే వారికోసం కీళ్ళ సంగతి చెప్పుకుందాం. అసలు విషయం ఇక్కడే ఉన్నది.

పెడలు మీద బలంగా తొక్కినప్పుడు సైకిలు ముందుకు ఉరుకుతుంది, మనిషి బరువు వెనక్కు జరుగుతుంది. బరువు వెనక్కు పోగానే వెనుక షాక్ అణుగుతుంది. తొక్కు తొక్కుకూ ఇట్లా అణుగుతూ లేస్తూ ఉంటే కాలి శక్తిలో కొంత ముందుకు పోవడానికి బదులు ఊగడానికి ఖర్చయిపోతుంది. 1990ల ప్రారంభంలో వచ్చిన ఫుల్ సస్పెన్షన్ సైకిళ్ళ మీద పందెగాళ్ళకు ఉన్న ఫిర్యాదు ఇదే. దీనికి విరుగుడు కీలు ఉన్న స్థానంలోనే ఉన్నది. కీలు తగిన ఎత్తున ఉంటే, చైను లాగే బలం, చక్రం నేలను తోసే బలం కలిసి వెనుక చేతిని కిందికి నొక్కి, బరువు వల్ల కలిగే అణుగుడును సరిచేస్తాయి. దీనిని యాంటీ స్క్వాట్ అంటారు, శాతాలలో చెబుతారు. నూరు శాతం అంటే రెండూ సరిసమానం. ఐతే నూరుకు ఎంత మించితే అంత మంచిదా? కాదు. కీలు పైకి పోయినకొద్దీ, చక్రం రాయి మీద ఎగిరినప్పుడు వెనుక పళ్ళ చక్రానికీ ముందు పళ్ళ చక్రానికీ మధ్య దూరం పెరుగుతుంది. చైను బిగిసి పెడలును వెనక్కు గుంజుతుంది. రాళ్ళ దారిలో ఎక్కేటప్పుడు అది పాదానికి తట్టు తట్టుమని తెలుస్తుంది. ఒకటి కావాలంటే ఒకటి కొంత వదులుకోవాలి. ఎక్కుడు ఎక్కువగా ఉన్న మన నేలకు నూరు శాతానికి అటూ ఇటూగా ఉన్న ఫ్రేము నా ఎంపిక.

ఒక్క కీలు మీద తిరిగే చేయి అన్నింటికంటే సరళమైనది. దాని లోపం బ్రేకు దగ్గర బయటపడుతుంది. బ్రేకు అదే చేతికి బిగించి ఉంటుంది కనుక, బ్రేకు పట్టినప్పుడు ఆ బలం సస్పెన్షన్ కదలికలో తల దూరుస్తుంది. ఆస్ట్రియాలో పుట్టి, మోటారు సైకిళ్ళ రంగం నుండి వచ్చిన హోర్స్ట్ లైట్నర్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. చైను పక్కనున్న గొట్టం మీద, వెనుక ఇరుసుకు కొంచెం ముందుగా, మరొక కీలు పెట్టాడు. దానితో ఇరుసు, బ్రేకు వేరొక కడ్డీ మీదికి మారి, రెండు బలాలనూ విడివిడిగా సరిచూసుకొనే వీలు కలిగింది. స్పెషలైజ్డ్ కంపెనీ 1998లో ఆ పేటెంటును కొన్నది. 2013లో అమెరికాలో దాని గడువు తీరిన తరువాత అక్కడ అది అందరి సొత్తయింది. నేడు అనేక కంపెనీలు తమతమ సొంత పేర్లు పెట్టి అమ్ముతున్న అమరికలలో చాలా వాటి మూలం ఇదే. కావున పేరు చూసి మోసపోవద్దు. ఒక్క కీలు ఫ్రేములోనూ దాని స్థానం బాగుంటే చక్కగా నడుస్తుంది. నాలుగు కీళ్ళ ఫ్రేములోనూ స్థానం చెడితే కొండమీద ఉయ్యాలే. వ్యాకరణంలో కూడా సూత్రాల పేర్లు వల్లించిన వాడికంటే ఎక్కడ ఏది వర్తిస్తుందో తెలిసినవాడే పండితుడు.

ఇక బరువు లెక్క. మా భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుడొకరు దీనిని నాకు గ్రాఫు కాగితం మీద గీసి చూపించారు. వెనుక చక్రం 130 మిల్లీమీటర్లు కదిలే ఫ్రేములో షాక్ కడ్డీ 50 మిల్లీమీటర్లే కదులుతుందనుకుందాం. 130ని 50తో భాగిస్తే 2.6. ఇది తులాదండం వంటిదే. చక్రం మీద 45 కిలోల బరువు పడితే షాక్ మీద సగటున 117 కిలోలు పడుతుంది. ఈ నిష్పత్తి పెద్దదైతే షాకులో గాలి ఎక్కువ పీడనంతో నింపాలి, సీళ్ళు తొందరగా అరుగుతాయి. బరువైన విద్యార్థి ఈ సంఖ్య తక్కువగా ఉన్న ఫ్రేమును కోరుకోవడం తెలివి. ఇదే నిష్పత్తి కదలిక పొడుగునా ఒకటిగా ఉండదు. మొదట 2.9తో బయలుదేరి చివరకు 2.3కు దిగే ఫ్రేము ఉన్నదనుకోండి. అణుగుతున్నకొద్దీ గట్టిపడుతుంది, పెద్ద దెబ్బకు అడుగంటదు. స్ప్రింగు చుట్ట ఉన్న షాక్ వేయదలచినవారికి ఇట్టి ఫ్రేమే తగినది. ఎందుకంటే చుట్ట మొదటినుండి చివరిదాకా ఒకే తీరున బిగుస్తుంది. గాలి షాక్ ఐతే చివరలో దానంతట అదే బిగుసుకుంటుంది కనుక అంత పట్టింపు లేదు. ఈ రేఖాచిత్రం సంపాదించకుండా ఫ్రేము కొనేవాడు పెండ్లికూతురి ఊరు కనుక్కోకుండా పల్లకి ఎక్కినవాడే.

కొలత విషయంలో పాత అలవాటు ఒకటి మనలను పట్టుకొని ఉన్నది. సీటు గొట్టం పొడవును బట్టి 17 అంగుళాల ఫ్రేము, 19 అంగుళాల ఫ్రేము అంటాము. నేటి కొండ సైకిళ్ళకు అది పనికిరాదు. చూడవలసింది రీచ్ అనే కొలత. క్రాంకు తిరిగే కేంద్రం నుండి తల గొట్టం పైకొన దాకా అడ్డంగా కొలిచిన దూరం అది. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి 440 నుండి 460 మిల్లీమీటర్లు సాధారణంగా సరిపోతుంది. నిలబడి తొక్కేటప్పుడు మీ శరీరానికి దొరికే చోటు ఇదే. దీని తరువాత తల గొట్టం వాలు. 65, 66 డిగ్రీలు మన అవసరానికి చాలు. 63 డిగ్రీలకు వాల్చిన ఫ్రేము నిటారు దిగుళ్ళలో నిబ్బరంగా ఉంటుంది, మెల్లగా ఎక్కేటప్పుడు మాత్రం ముందు చక్రం తాగినవానివలె అటూ ఇటూ తూలుతుంది. ఫ్రేముకు చెప్పిన దానికంటే 20 మిల్లీమీటర్ల పొడవైన ఫోర్కు తగిలిస్తే ఈ వాలు సుమారు ఒక డిగ్రీ మారుతుంది. తల గొట్టపు అతుకు మీద ఒత్తిడీ పెరుగుతుంది. మన మిస్త్రీలు చిమ్టా అని పిలిచే ఆ ఫోర్కు విషయంలో కంపెనీ చెప్పిన హద్దు దాటవద్దు.

గ్రానైటు బండల మీద తొక్కేవారు తప్పక చూడవలసిన కొలత మరొకటి కలదు. అది క్రాంకు ఎత్తు. కాగితం మీద 340 మిల్లీమీటర్లు అని ఉంటుంది. మనిషి ఎక్కి కూర్చోగానే వెనుక షాక్ 30 శాతం అణుగుతుంది, ముందు ఫోర్కు 20 శాతం అణుగుతుంది. 130 మిల్లీమీటర్ల సైకిలులో క్రాంకు సుమారు 35 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మిగిలింది 305. దానిలో 170 మిల్లీమీటర్ల క్రాంకు చేయి పోగా, కిందికి వచ్చిన పెడలు ఇరుసుకూ నేలకూ మధ్య 135 మిల్లీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. రాయి తగిలిందా, సైకిలు అక్కడే ఆగుతుంది, మనిషి ఆగడు. 165 క్రాంకు వేసుకుంటే అయిదు మిల్లీమీటర్లు కలిసి వస్తాయి. పత్రికలలో పొగిడే అతి తక్కువ ఎత్తు ఫ్రేములు నున్నగా చేసిన దారులకు పుట్టినవి. మన బండలకు కావు.

సొంతంగా కూర్చుకునేవాడు ఎక్కువగా నష్టపోయేది మాత్రం వీటిలో ఏదీ కాదు. కొలతల పొత్తు కుదరక. పూర్తి సైకిలు కొన్నవాడికి ఈ బాధ లేదు, కంపెనీ వాడే అన్నీ సరిచూసి పెడతాడు. ఫ్రేము మాత్రమే కొన్నవాడు ప్రతి రంధ్రాన్నీ తానే కొలవాలి. వెనుక ఇరుసు 12కు 148 మిల్లీమీటర్లదా, పాత 142దా, లేక 157దా? మీ దగ్గరున్న చక్రం 142దై, ఫ్రేము 148దైతే హబ్బు మార్చాలి, లేదా నమ్మకం తక్కువైన అడాప్టరు వెతకాలి. సీటు గొట్టం 30.9దా, 31.6దా? సగం మిల్లీమీటరు తేడాకు కూడా అది జాలిపడదు. షాక్ కొలతలు 2016లో మారాయి. 210కి 50, 230కి 60 వంటి గుండ్రటి మెట్రిక్ సంఖ్యలు ఆనాటినుండి వచ్చినవే. అంతకు ముందటి 200కు 57, 216కు 63 షాకులు క్రమంగా అరుదవుతున్నాయి. కొన్ని ఫ్రేములు తమ కంపెనీ షాక్ తప్ప ఇతరం పట్టనివ్వవు. అది ఎంత అందంగా ఉన్నా, ఎంత తగ్గింపుకు వచ్చినా, కొనవద్దని నా సలహా. ఆ షాక్ తయారీ ఆగిపోయిననాడు ఫ్రేముకు కూడా ఆయువు తీరినట్టే.

గేరు మార్చే డిరైల్యూర్‌ను పట్టుకొనే చిన్న కొక్కెం ఒకటి ఉంటుంది. పడినప్పుడు అసలు భాగాన్ని కాపాడడానికి తాను వంగుతుంది. ఒకప్పుడు ప్రతి ఫ్రేముకూ వేరు వేరు కొక్కెం. ఆ మోడల్ ఆగిపోతే కొక్కెమూ ఆగిపోయేది. 2019లో స్రామ్ కంపెనీ యూడీహెచ్ పేరుతో అందరూ వాడుకోగల ఒకే నమూనాను తెచ్చింది. అనేక కంపెనీలు దానిని స్వీకరించాయి. 2023లో ఆ కంపెనీయే తెచ్చిన కొత్త గేర్లు ఆ నమూనాకు కట్టిన ఫ్రేముకే బిగుస్తాయి. దూరప్రాంతంలో, దుకాణాలకు దూరంగా ఉన్న మనకు ఇది గొప్ప సౌకర్యం. క్రాంకు బేరింగులు ఒత్తి కూర్చోబెట్టే ఫ్రేము కంటే, మిస్త్రీ చూడీ అనే మరచుట్టు ఉన్న ఫ్రేమే మేలు. ఒత్తి కూర్చోబెట్టినది కాలక్రమాన కిర్రుమంటే దాన్ని నయంచేయడం మన బజారు మిస్త్రీ పనిముట్లకు అందదు; మరచుట్టును విప్పి, తుడిచి, గ్రీజు రాసి బిగించడం అతనికి ఎడమచేతి పని. ఆ కీళ్ళలో కూర్చునే బేరింగుల సంఖ్యలు కూడా ముందే రాసుకోవాలి. 6902 అని ఉంటే, లోపల 15, వెలుపల 28, మందం 7 మిల్లీమీటర్లు. యంత్రాలలో వాడే సంఖ్యే కనుక సికింద్రాబాదు రాణీగంజ్ వంటి బజారులో అడగవచ్చును. సైకిలు కీలు గిర్రున తిరగదు, కొద్ది డిగ్రీలు ఊగుతుంది. అందువల్ల మధ్య పంజరం లేకుండా గోళీలు నిండుగా పేర్చిన రకం ఎక్కువ కాలం మన్నుతుంది. మామూలుది వేసినా నడుస్తుంది, ముందుగా మార్చవలసి వస్తుంది.

లోహం గురించి వాదన పెంచను. కార్బన్ తేలిక, దెబ్బ తగిలితే లోపలి పొరల నష్టం కంటికి కనబడదు. రాతి నేలలో, బీమా లేని విద్యార్థి చేతిలో, 6061 అల్యూమినియం నాకు న్యాయంగా తోస్తుంది. అర కిలో బరువు తగ్గించుకోవడానికి రెండింతల ధర పెట్టేవాడు వీపున మోసే నీళ్ళ సీసాను మరచిపోతున్నాడు.

వాడిన ఫ్రేము కొనేవారికి ఒక హెచ్చరిక. అల్యూమినియం ప్రతి దెబ్బనూ జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఉక్కుకు ఒక హద్దు ఉన్నది, ఆ హద్దు లోపలి ఒత్తిడిని అది లెక్కచేయదు. అల్యూమినియానికి అట్టి హద్దు లేదు, చిన్న ఒత్తిళ్ళు కూడా పోగుపడి ఏనాడో ఒకనాడు పగులుగా బయటపడతాయి. కావున తల గొట్టానికీ కింది గొట్టానికీ మధ్య అతుకును, కీళ్ళ చుట్టూ ఉన్న భాగాన్ని, సబ్బునీటితో కడిగి, పగటి వెలుతురులో చూడాలి. రంగు మీద వెంట్రుకవంటి గీత కనబడినా డబ్బు చెల్లించవద్దు. షాక్ విప్పించి, వెనుక చేతిని వట్టిగా పైకీ కిందికీ ఆడించాలి. గరగరమంటే బేరింగులు పోయినవి. పక్కకు ఊగితే కీలు అరిగినది. షాక్ విప్పడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కూర్చుని చాయ్ తాగడం కూడా దండుగ. కొత్తగా కొన్నా, పేరు లేని చవక ఫ్రేముకు ఐఎస్ఓ 4210 ప్రమాణం ప్రకారం పరీక్ష జరిగిన దాఖలా అడగాలి. ప్రాణం ఆ అతుకుల మీద ఆధారపడి దిగుతుంది.

ఇట్లా కూర్చుకోవడం చవక అనే అపోహ కూడా తొలగాలి. కంపెనీ వాడు ఒకేసారి వేల సంఖ్యలో విడిభాగాలు కొంటాడు, మనం ఒక్కొక్కటి కొంటాం. లెక్క కడితే సొంత కూర్పు తరచుగా ఎక్కువే తేలుతుంది. పాత సైకిలులోని మంచి భాగాలు ఇంట్లో ఉన్నవారికి, దుకాణపు కొలతలలో ఇమడని శరీరం కలవారికి, లేక పని నేర్చుకోవాలన్న తపన ఉన్నవారికి మాత్రమే ఇది దారి. మూడవ కారణమే నాకు అన్నింటికంటే ఇష్టమైనది.

అందుచేతనే కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. మన సైకిలు స్టాండులో మూలనున్న గది చాలాకాలంగా విరిగిన బెంచీలతో నిండి ఉన్నది. దానిని ఖాళీ చేయించి ఒక బల్ల వేయించండి. కీలు బోల్టు ఒకటి 10 న్యూటన్ మీటర్లకు, మరొకటి 20కి బిగించాలని ఫ్రేము పుస్తకంలో ఉంటుంది. చేతి అంచనాతో బిగిస్తే ఒకటి వదులవుతుంది, మరొకటి తెగుతుంది. కాబట్టి ఒక టార్క్ రెంచి కావాలి. గాలి షాకులో చదరపు అంగుళానికి 200 పౌన్ల పీడనం దాకా నింపవలసి వస్తుంది, మామూలు పంపు ఆ పని చేయలేదు. ఒక షాక్ పంపు కావాలి. బేరింగులను సుత్తితో కొట్టకుండా నెమ్మదిగా ఒత్తే చిన్న ప్రెస్ ఒకటి. తాళం వేసే అలమారా ఒకటి. తాళంచెవి భౌతికశాస్త్ర శాఖలో ఉంచడానికి పైన చెప్పిన మిత్రులు అంగీకరించారు. పనిముట్ల జాబితా, వాటి ధరలతో సహా, నేను వచ్చే సమావేశానికి ముందే కార్యాలయంలో అందజేస్తాను.